సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌కి క్యారెక్టర్ క్లాసులు తయారుచేయడం ఎలా

రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒక్కో ఆటగాడూ ఒక్కో పాత్ర వేస్తాడు; ఆ పాత్ర ఏ రకమో, ఏం చేయగలదో చెప్పేదే క్లాసు. ఫాంటసీ గేమ్‌లో మంత్రం మాంత్రికుడికే వస్తుంది. ఎంత బంగారం ఉన్నా యోధుడు దాన్ని కొనుక్కోలేడు. సైన్స్ ఫిక్షన్‌లో ఆ కంచె ఉండదు. తుపాకీ, కవచం, మెడికిట్, డ్రోన్ అన్నీ దుకాణంలో దొరికేవే. నాలుగు డబ్బులు చేతికి రాగానే సోల్జర్ మెడికిట్ కొంటాడు, మెడిక్ మంచి తుపాకీ కొంటాడు. ఇక ఇద్దరికీ తేడా పేరులోనే మిగులుతుంది. అందుకే క్లాసుకి ఏ శక్తి రాసినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్నే ఒక పరికరంగా చేసి అమ్మితే పని జరిగిపోతుందా? జరిగిపోతే అది క్లాస్ శక్తి కాదు, పరికరాల జాబితాలోకి పోవాల్సిన సరుకు.

"మెడిక్ 2డీ6 (రెండు ఆరు ముఖాల డైస్ వేస్తే వచ్చే మొత్తం) గాయం మాన్పుతాడు" అన్నది ఈ పరీక్షలో నిలవదు. "ప్రాణం పోయాక ఒక రౌండ్ (అందరికీ ఒక్కో వంతు వచ్చేంత సేపు) లోపు చేరుకుంటే మెడిక్ ఆ మనిషిని బతికించగలడు, కానీ ఆ మనిషికి ఒక శాశ్వత లోపం మిగులుతుంది" అన్నది నిలుస్తుంది.

ముందు సీన్లు, తర్వాత క్లాసులు

క్లాసుల పేర్లతో మొదలుపెట్టకండి. మీ గేమ్‌లో తరచూ వచ్చే సీన్లను ఒక కాగితం మీద అడ్డంగా రాయండి: నేల మీద పోరు, నౌకల పోరు, హ్యాకింగ్, బేరసారాలు, మరమ్మతు, కొత్త చోట్ల అన్వేషణ. క్లాసులను నిలువుగా రాయండి. ఆ సీన్‌ని ముందుండి నడిపే క్లాసుకి 2, సాయపడగల క్లాసుకి 1, చేసేదేమీ లేని క్లాసుకి 0 వేయండి. ఆరు సీన్లుంటే ఒక్కో వరుస మొత్తం 7 దగ్గర ఉండాలి: 2, 2, 1, 1, 1, 0. ప్రతి సీన్ కిందా కనీసం ఒక 2 ఉండాలి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సీన్‌లో మాత్రం ఎవరికీ 0 పడకూడదు.

క్లాసుల సంఖ్య ఆటగాళ్ల కంటే ఒకటో రెండో ఎక్కువ ఉంటే చాలు. అసలు క్లాసులే లేకుండా చేయడం కూడా మంచి దారే. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే గేమ్‌లో క్యారెక్టర్ నాలుగేళ్ల చొప్పున ఉద్యోగాలు చేసి నైపుణ్యాలు తెచ్చుకుంటుంది. మీ గేమ్‌కి పాత్రల గతమే ప్రాణమైతే ఆ పద్ధతి బాగా నప్పుతుంది.

హ్యాకర్, పైలట్: ఎక్కువగా దెబ్బతినేవి ఈ రెండే

హ్యాకర్‌కి విడిగా ఒక మ్యాపు, విడి నియమాలు, విడి శత్రువులు ఇచ్చారంటే ఆ ఒక్కరూ అరగంట ఆడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. సైబర్‌పంక్ గేమ్ తొలి రూపాల్లో నెట్‌రన్నర్‌తో (అందులో హ్యాకర్ క్లాసు పేరు అదే) వచ్చిన చిక్కు ఇదే. 2020 నాటి సైబర్‌పంక్ రెడ్ నెట్‌రన్నర్‌ని జట్టుతోపాటే ఆ చోటికి రప్పించి, అందరి రౌండ్లలోనే పనిచేసేలా మార్చింది. మీరూ అలాగే చేయండి. ఒక వంతుకి ఒక్కసారి డైస్ వేయనివ్వండి. దాని ఫలితం అందరూ చూస్తున్న మ్యాపు మీదే కనిపించాలి: తలుపు మూసుకోవాలి, లైట్లు ఆరిపోవాలి, శత్రువు తుపాకీ శత్రువు మీదికే తిరగాలి.

పైలట్ బాధ దీనికి తిరగబడ్డది. నౌక దిగితే అతనికి పని లేదు, నౌక ఎక్కితే మిగతావాళ్లకి పని లేదు. రెండోదానికి మందు, నౌకలో ప్రతి క్లాసుకీ ఒక స్థానం ఇవ్వడం. 2017 నాటి స్టార్‌ఫైండర్ గేమ్‌లో కెప్టెన్, ఇంజనీర్, గన్నర్, పైలట్, సైన్స్ ఆఫీసర్ స్థానాలు ఇందుకే పనికొస్తాయి. మొదటిదానికి మా సలహా: నడపడాన్ని ఎవరైనా నేర్చుకోగల నైపుణ్యంగా ఉంచండి, క్లాసుగా చేయకండి.

ఒక క్లాసు దగ్గరగా: మెకానిక్

మూల శక్తి పేరు "అతుకు". సీన్‌కి ఒకసారి, పాడైన ఏ యంత్రాన్నైనా డైస్ వేయకుండానే పనిచేయిస్తాడు. సీన్ అయ్యాక ఆ యంత్రం పూర్తిగా మూలపడుతుంది, విడిభాగాలు లేకుండా మళ్లీ లేవదు.

దీన్ని కొనలేం. నౌక ఇంజన్ దగ్గరా, ఇరుక్కున్న తలుపు దగ్గరా, పడిపోయిన రోబో దగ్గరా ఒకేలా పనికొస్తుంది. డైస్ లేదు కాబట్టి నిపుణుడు తన సొంత పనిలో తడబడడు. దానికి ధర ఉంది కాబట్టి ప్రతిసారీ వాడాలా వద్దా అని ఆటగాడు ఆలోచిస్తాడు. అసలు ఆట ఆ ఆలోచనలోనే ఉంది.

తేడా వచ్చేది "పాడైన" అన్న మాట దగ్గర. వెయ్యేళ్ల శిథిల నౌక కూడా పాడైనదేనా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అందుకే హద్దులు నియమంలోనే రాయండి: యంత్రానికి చెయ్యి తగలాలి, దాని ముక్కలన్నీ అక్కడే ఉండాలి, జట్టు కావాలని పాడుచేసినది లెక్కలోకి రాదు. మూడో లెవెల్‌లో, సీన్ అయ్యాక రెండు ఆరు ముఖాల డైస్ వేసి 8 లేదా అంతకంటే ఎక్కువ పడితే యంత్రం మూలపడదు. ఐదో లెవెల్‌లో సీన్‌కి రెండుసార్లు వాడవచ్చు.

"రోజుకి ఒకసారి" అన్న నియమం మాత్రం పెట్టకండి. నక్షత్రాల మధ్య ప్రయాణానికి వారాలు పడితే దిగేసరికి అన్ని శక్తులూ నిండిపోయి ఉంటాయి, పొదుపు చేయాల్సిన పనే ఉండదు. సీన్‌కి ఇన్నిసార్లు అనో, ఒక రేవు నుంచి ఇంకో రేవు దాకా ఇన్నిసార్లు అనో లెక్క పెట్టండి.

ఆండ్రాయిడ్ లాంటి క్లాసుకి గాలి అక్కర్లేదంటే శూన్యంలో పుట్టే ప్రమాదాల్లో సగం ఎగిరిపోతాయి. బదులుగా మెడికిట్ దాని మీద పనిచేయదని రాయండి. గాయపడితే మెకానికే దిక్కు.

అంకెలు

రెండు ఆరు ముఖాల డైస్ వేసి, బోనస్ కలిపి 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గెలుపు అనే పద్ధతిలో, బోనస్ లేకపోతే గెలిచే అవకాశం 42 శాతం. +1కి 58, +2కి 72, +3కి 83, +4కి 92. మొదటి రెండు మెట్లే బాగా బరువైనవి. నిపుణుడికీ మామూలువాడికీ తేడా +2 దగ్గర ఆపండి. +4 దాకా పోనిస్తే గేమ్ మాస్టర్ (ఆటను నడిపించే మనిషి) నిపుణుడి కోసం కష్టం పెంచుతాడు, మిగతావాళ్లకి ఆశ పోతుంది. 20 ముఖాల డైస్‌లో ఒక్కో +1 విలువ 5 శాతమే, కాబట్టి అక్కడ +6 ఇస్తే గానీ అంత తేడా కనపడదు.

ఆడి చూడటం

క్లాసు మొత్తం కాగితానికి ఒక వైపే పట్టాలి: ఒక మూల శక్తి, రెండు నైపుణ్యాలు, మొదటి లెవెల్‌లో మూడు ఎంపికలు, పరికరాలు. తర్వాత ఇరవై నిమిషాల సీన్లు మూడు ఆడించండి: ఒకటి పోరు, ఒకటి నౌకలో, ఒకటి బేరం. ఎవరైనా వరుసగా రెండు వంతులు "నేను ఆగుతా" అన్నారంటే ఆ క్లాసు వరుసలో మీరు వేసిన 1 నిజానికి 0 అన్నమాట. ఆ సీన్‌కి వాళ్లకొక పని రాయండి.

ఆఖరుగా ఒక్కో ఆటలో ఒక్కో క్లాసుని తీసేసి చూడండి. మెడిక్ లేని జట్టు రెండో పోరుకే చచ్చిపోతుంటే, ఎవరో ఒకరు ఇష్టం లేకపోయినా మెడిక్ కావాల్సి వస్తుంది. అప్పుడు మెడిక్‌ని మార్చకండి. మామూలు మెడికిట్‌ని బలపరచండి, చచ్చినవాళ్లని లేపడం మాత్రం మెడిక్‌కే ఉంచండి.