కథలో వాసన, చప్పుడు, రుచి: చదివేవాళ్లకు తగిలేలా రాయడం ఎలా?

"అమ్మ పోయాక మొదటిసారి ఊరెళ్లి ఇంటి తాళం తీశాడు. లోపలికి అడుగు పెట్టగానే చాలా బాధేసింది."

ఇందులో తప్పేం లేదు. కాకపోతే బాధ అతనికే వేసింది, చదివేవాళ్లకు వేయలేదు. ఈ రెండు వాక్యాలనే బాగుచేద్దాం.

ముందు చిత్తుప్రతి ఇలాగే రాసేయండి. మొదటి విడతలోనే వర్ణనల కోసం ఆగితే కథ కదలదు. రాశాక బాధ, భయం, అందం లాంటి మాటల కింద గీత గీయండి. పని పడేది అక్కడే.

తర్వాత, ఆ చోట ఉన్నది ఎవరో చూసుకోండి. అదే ఇంటిని కొనడానికి వచ్చినవాడు గోడ చెమ్మ చూస్తాడు, తలుపు టేకుదో కాదో వేలితో కొట్టి వింటాడు. కొడుకు నేరుగా వంటింట్లోకి వెళ్తాడు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. పాత్ర గమనించని వాటిని కూడా తామే వర్ణించేస్తారు.

ఇప్పుడు కళ్లు మూసుకోండి. అలవాటుకొద్దీ మనం కంటికి కనిపించేదే రాస్తాం. ముక్కుకు ఏం తగిలింది? చూపు, వినికిడి, స్పర్శ సంకేతాలు మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా వెళ్తాయి. వాసన మాత్రం అక్కడ ఆగకుండానే జ్ఞాపకాలతో, ఉద్వేగాలతో ముడిపడిన భాగాలకు చేరుతుంది. ఎప్పటిదో సంగతి ఒక్కసారిగా గుప్పుమనడం అందుకే కాబోలు.

"ఏదో వాసన" అని వదిలేయకండి. తెలుగులో వాసనలకు పేర్లున్నాయి. నూనె మాడితే కమురు, చేపలు కడిగిన చేతికి నీచు, నిలవ బియ్యానికి ముక్క వాసన. రుచులైతే ఆరు. ఉగాది పచ్చడిలో ఏటా నాలుకకు తగిలే వగరు మన కథల్లో ఎందుకంత అరుదో నాకర్థం కాదు. గలగల, చిటపట లాంటి జంటమాటలు మన సొత్తే గానీ, "గలగల పారే సెలయేరు" అరిగిపోయింది. తొలకరి మట్టి వాసనా అంతే. దానికి 1964లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాన మట్టి మీదే పడదు కదా, రేకుల మీద, తారురోడ్డు మీద, పేడకుప్ప మీద కూడా పడుతుంది. అవి రాయండి.

పోలిక కోసం మరీ వెతుక్కోకండి. ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్లకు కట్టడాన్ని మన ఆలంకారికులు స్వభావోక్తి అన్నారు, దాన్నీ అలంకారంగానే లెక్కపెట్టారు. ఆ దారిలో మన వాక్యాలు ఇలా మారాయి:

"తాళం రెండోసారికి గానీ తిరగలేదు. తలుపు తోయగానే ముక్క వాసన. వంటింట్లో డబ్బా మూత తీశాడు. అడుగున గుప్పెడు బియ్యం, పురుగు పట్టకుండా అమ్మ వేసిన వేపాకు. ముట్టుకోగానే వేళ్ల మధ్య పొడైపోయింది."

ఇక కత్తిరింపు. మొదట్లో ఇందులో బల్లి అరుపు, పాదాల కింద గచ్చు చల్లదనం, గోడ గడియారం టిక్‌టిక్ కూడా ఉన్నాయి. (నెలల తరబడి మూసిన ఇంట్లో గడియారం నడుస్తుందా అన్న అనుమానం తర్వాత వచ్చింది.) వేపాకు దొరికాక మూడూ తీసేశాను. మీరూ రాసింది ఎవరికైనా పైకి చదివి వినిపించండి. మర్నాడు "ఏం గుర్తుంది?" అని అడగండి. వాళ్లు చెప్పని వాటిలో ఏవి తీసేసినా కథ ఆగదో చూసి, కొట్టేయండి.