కొత్త ల్యాప్‌టాప్‌కి పేరు మొదటి రోజే పెట్టండి

విండోస్ ల్యాప్‌టాప్ కొనగానే దాని పేరు 'ల్యాప్‌టాప్', పక్కన ఏవో పొంతనలేని అక్షరాలు. షాపులో నాలుగు సిస్టమ్‌లుంటే ఏది ఏదో తెలిసి చావదు. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి 'రీనేమ్ దిస్ పీసీ' నొక్కి మార్చండి, రీస్టార్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత వరకే. మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఒట్టి అంకెలు కుదరవు, మొత్తం 15 దాటకూడదు. గుంటూరు షాపుకి 'బ్రాడీపేట-బిల్2' లాంటిది చాలు, ఇంగ్లిష్‌లో గీతతో కలిపి 14. ఓనరు పేరు, ఫోన్ నంబరు మాత్రం వద్దు. బెజవాడ స్టేషన్లో బ్లూటూత్ ఆన్ చేస్తే పక్కవాళ్లకి కనబడేది ఆ పేరే.

ప్రింటరు షేర్ చేశాక పేరు మారిస్తే మిగతా సిస్టమ్‌లు పాత పేరుతోనే వెతుకుతుంటాయి, ప్రింటు రాదు. అన్నింట్లో మళ్లీ కలుపుకోవాల్సిందే.