ముంబై సర్వరే పెట్టుకున్నా ఆట ఎందుకు తడబడుతోంది?

లక్షణం: లాబీలో (ఆట మొదలయ్యే ముందు తెరలో) పింగ్, అంటే మన సంకేతం సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 35 చూపిస్తుంది. ఆటలోకి దిగిన కాసేపటికి 220కి ఎక్కుతుంది. గోడ చాటుకు చేరాక కూడా మనమే చస్తాం. వెంటనే అందరూ సర్వర్ మీద పడతారు: ముంబై వదిలి సింగపూర్, మళ్లీ ముంబై.

నల్లగొండ నుంచి ముంబై తిన్నగా కొలిస్తే సుమారు 700 కి.మీ., సింగపూర్ 3,200. ఫైబర్‌లో వెలుగు సెకనుకు 2 లక్షల కి.మీ. పోతుంది కాబట్టి, పోయి రావడానికే ముంబైకి 7 మిల్లీసెకన్లు, సింగపూర్‌కు 32. కేబుళ్లు తిన్నగా పోవు గనుక అసలు అంకెలు ఇంకా పెద్దవి. సింగపూర్ గెలిచే అవకాశం దాదాపు లేదు. వాలరెంట్ ఆటలో ముంబై ఒక్కటే ఎంచుకోండి. కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో గరిష్ఠ పింగ్ పరిమితి తగ్గించండి. వీపీఎన్ (మన కనెక్షన్‌ను వేరే సర్వర్ గుండా తిప్పే యాప్) ఆపారా అని అడిగితే "ఆపాను అన్నా" అంటారు. చూస్తే బ్రౌజర్‌లో ఆపి, కంప్యూటర్‌లో వదిలేసి ఉంటారు. దయచేసి ఇది ముందు చూడండి.

ఇక నన్ను మూడు ఆదివారాలు తిప్పిన సంగతి. మిర్యాలగూడలో మా పిన్ని కొడుక్కి రోజూ రాత్రి తొమ్మిదిన్నరకే ఆట చెడేది. సర్వర్లు మార్చాం, కేబుల్ మార్చాం, రూటర్ కూడా మార్చాం. మూడో ఆదివారం వాడి పక్కన కూర్చుని ఉండగా పిన్ని లోపలికి వచ్చింది, ఆమె ఫోను వైఫై అందుకుంది, పింగ్ లేచింది! పగలంతా తీసిన పెళ్లి వీడియోలు క్లౌడ్‌కు ఎక్కుతున్నాయి. వాళ్ల అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ మాత్రమే. కోతల కాలంలో మిల్లు గేటు ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరితే వెనక సైకిల్‌వాడి గతి ఏమిటి? ఆటలో మా వాడి తూటాదీ అదే గతి. లాబీలో కనిపించే అంకె అబద్ధం కాదు, లైను ఖాళీగా ఉన్నప్పుడు కొలిచింది, అంతే.

పరీక్ష సులువు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) రెండు తెరవండి. ఒకదాన్నుంచి రూటర్‌కు (చాలావాటికి 192.168.1.1, లేదంటే రూటర్ అడుగున చూడండి), రెండోదాన్నుంచి 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి (ping -t). ఇప్పుడు ఫోనులోంచి పెద్ద వీడియో ఒకటి కావాలని అప్‌లోడ్ చేయండి. రూటర్ 1, 2 దగ్గరే ఉండి బయటిది 200కి పోతే దొంగ దొరికినట్టే, అది అప్‌లోడే. రూటర్ అంకే ఎగిరితే తప్పు వైఫైది, కేబుల్ వేసుకోండి.

చికిత్స: ఆట అయ్యేదాకా ఫోటో బ్యాకప్ ఆపడం. అమ్మతో రోజూ గొడవ వద్దనుకుంటే, రూటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు పోవాలో, ఎంత వేగంగా పోవాలో నిర్ణయించే సెట్టింగు) ఉందేమో చూసి అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 85-90 శాతానికి పెట్టండి. నూటికి నూరు పెడితే ఫలితం ఉండదు. వరుస మీ రూటర్‌లో కాక అవతల ఆపరేటర్ పెట్టెలో కడుతుంది, అక్కడ మన మాట చెల్లదు.

డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు చిరునామా వెతికిపెట్టే సేవ) మార్చితే పింగ్ తగ్గదు, ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు) జోలికి వెళ్లకండి. లైను ఖాళీగా ఉన్నప్పుడే ముంబై 90 దాటుతుంటే మాత్రం ఆపరేటర్ మిమ్మల్ని చుట్టు దారిన తిప్పుతుండవచ్చు. ట్రేస్‌రూట్ (డేటా ఏయే దారుల్లో పోతోందో చూపే ఆదేశం) ఫలితం ఫోటో తీసి ఆపరేటర్‌కు పంపి అడగండి.