సీలియాక్ పిల్లలకు గోధుమ మానిపించాక పేగు బ్యాక్టీరియాకు మేత ఎలా పెట్టాలి?

గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ధాన్యం)లలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే ఒంటి రోగనిరోధక శక్తే చిన్నపేగు గోడను దెబ్బతీసే జబ్బు సీలియాక్. దీనికి ఇవాళ ఉన్న వైద్యం ఆ మూడూ జీవితాంతం మానడమే. అయితే గ్లూటెన్‌తో పాటు గోధుమలోని పీచు కూడా పళ్లెంలోంచి వెళ్లిపోతుంది. పెద్దపేగులో ఉండి మేలు చేసే బైఫిడో బ్యాక్టీరియాకు అలాంటి పీచు మేత. 2009లో స్పెయిన్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు నెల రోజులు గ్లూటెన్ లేని తిండి పెట్టి చూస్తే బైఫిడో, అలాగే మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా రెండూ తగ్గాయి. చపాతీ తీసేసి తెల్లన్నం వడ్డిస్తే సగం పనే అయినట్టు.

1. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానిపించకండి. ముందే ఆపితే సీలియాక్‌ను పట్టే టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష, బయాప్సీ (పేగు ముక్క తీసి చూసే పరీక్ష) రెండూ మామూలుగా వచ్చి మోసం చేస్తాయి.

2. వంటింట్లో గోధుమ దొంగల్ని పట్టండి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఫర్వాలేదు. బొంబాయి రవ్వ, మైదా గోధుమవే. సేమ్యా కూడా చాలావరకు అంతే. డబ్బాల్లో అమ్మే ఇంగువలో ఎక్కువగా గోధుమపిండి కలుస్తుంది కాబట్టి బియ్యప్పిండితో చేసినది వెతకాలి, లేదా మానేయాలి. పెనం, అప్పడాల పీట, చెక్క గరిటె పిల్లకు విడిగా ఉండాలి. చెక్క పగుళ్లలో చిక్కిన పిండి కడిగినా పోదు. పిండిమరలో మీకన్నా ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. రాగులు, జొన్నలు గింజలుగా కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టండి. ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉంటే అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని నియమం.

బెంగళూరు దర్శినిల్లో (నిలబడి తినే టిఫిన్ హోటళ్లలో) రవ్వ ఇడ్లీ, ఖారా బాత్, కేసరి బాత్, మద్దూరు వడ, రవ్వ దోశ అన్నీ గోధుమ సరుకే. అక్కి రొట్టె బియ్యానిదే అయినా చపాతీ కాల్చిన పెనం మీద కాలిస్తే లాభం లేదు. జొన్నరొట్టె విరగకుండా గోధుమపిండి కలిపేవాళ్లూ ఉంటారు, అడగాలి. రాగి మాల్ట్ ప్యాకెట్లో బార్లీ మాల్ట్ ఉందేమో చదవండి.

3. పీచు లెక్క వేయండి. పిల్ల వయసుకు 5 కలిపితే రోజుకు కావలసిన గ్రాములు సుమారుగా వస్తాయి. ఆరేళ్ల పిల్లకు 11. రాగిపిండి 30 గ్రాములైతే 3 పైన, పొట్టు పెసలు 25 గ్రాములైతే 4, సగం జామకాయ 2 నుంచి 3, బీన్స్, చిక్కుడు లాంటి కూర ఒక కప్పు 3. అంతే, సరిపోయింది. బియ్యం, మొక్కజొన్న పిండితో చేసే గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లలో సాధారణంగా పీచు తక్కువ, చక్కెర ఎక్కువ. అప్పుడప్పుడు సరే, రోజూ వద్దు.

జబ్బు బయటపడిన తొలి వారాల్లో పేగు గోడ ఇంకా పుండుగానే ఉంటుంది. ఒక్కసారిగా పీచు పెంచితే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి పిల్ల తిండే మానేస్తుంది. వారానికి ఒక పదార్థం చొప్పున కలపండి, నీళ్లు బాగా తాగించండి. పాలు పడకపోతే కొన్ని వారాలు పెరుగుతో నెట్టుకురావచ్చు. పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పేగు మానేకొద్దీ తిరిగి వస్తుంది.

4. అంబలి చేయండి. రాగులు రాత్రంతా నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి ఆడించిన పిండైతే మంచిది. ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ అందులో తగ్గుతుంది, ఈ పిల్లల్లో రక్తహీనత మామూలే మరి. రెండు చెంచాల పిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు మరిగే నీళ్లలో పోసి, అయిదారు నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. బాగా చల్లారాకే పెరుగు కలపాలి, వేడిలో కలిపితే పెరుగులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ పిండి పులిసినా ఆవిరిలో ఉడికేసరికి జరిగేది అదే.

5. ప్రోబయాటిక్ గుళికలను (మేలు చేసే బ్యాక్టీరియా నింపినవి) నమ్ముకోకండి. గ్లూటెన్‌ను అరిగించి గోధుమ తినిపించగల గుళిక ఏదీ లేదు. డాక్టర్ రాసిస్తే, లేబుల్ చూసి కొనండి. కొన్నింటిలో గ్లూటెన్ జాడలు దొరికాయి.

6. ఆరు నెలలకు టీటీజీ మళ్లీ చూపించండి. ఆ అంకె దిగకపోతే బ్యాక్టీరియాను అనుమానించే ముందు స్కూల్లో డబ్బాలు మార్చుకోవడం, గుళ్లో రవ్వకేసరి ప్రసాదం, పుట్టినరోజు కేకు వెతకండి. సాంబారులో ఇంగువ సంగతీ మరోసారి చూడండి.