'డీ'తో మొదలయ్యే ఇంగ్లీష్ పదాలు: అర్థాలతో పాటు రూపాలూ నేర్చుకోవడం ఎలా?

ఇంగ్లీష్ పదాలు నేర్చుకునేవాళ్ల నోట్‌బుక్ ఎవరిది తెరిచినా ఒకటే వరస. ఎడమవైపు పదం, కుడివైపు తెలుగు అర్థం, మధ్యలో 'ఈజ్ ఈక్వల్ టు' గుర్తు. డిసీవ్ అంటే మోసగించు, డినై అంటే కాదను, డిటర్ అంటే వెనకాడేలా చేయు. ఇలా రెండు వందలు రాసి, 'డీ' అయిపోయిందని కింద గీత గీసేస్తారు. వారం తిరక్కుండానే ఏదో వాక్యంలో డినైకి నామవాచకం కావాల్సి వస్తుంది. పెన్ను ఆగిపోతుంది, లేదా 'డినైమెంట్' అనే లేని మాట పుట్టుకొస్తుంది. అసలు మాట డినయల్. అర్థం కంఠతా వచ్చి కూడా మాట వాడలేకపోతే, ఆ రెండు వందలూ ఎందుకు రాసినట్టు?

కాబట్టి ఒక్క అక్షరం తీసుకుని, మాటల్ని రూపాలతో సహా ఎలా నేర్చుకోవాలో చెబుతాను. ఉదాహరణకి 'డీ' ఎంచుకున్నాను. తికమకలు బాగా ఎక్కువ ఉన్న అక్షరాల్లో ఇదొకటి.

కావలసినవి

లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, పెన్ను, ఒక ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీ. డిక్షనరీ భాష నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసినదై ఉండాలి. ప్రతి మాటకీ ఉదాహరణ వాక్యం ఉండాలి, అది నామవాచకమో క్రియో చెప్పాలి. తెలుగు అర్థం ఒక్కటే ఇచ్చేది ఈ పనికి చాలదు. ఫోన్‌లో డిక్షనరీ వాడినా పర్వాలేదు. రాసుకోవడం మాత్రం కాగితం మీదే. యాప్‌లో కార్డులు తిప్పుతూ పోతే గుర్తున్నట్టే అనిపిస్తుంది, స్పెల్లింగ్ మాత్రం చేతికి రాదు.

నోట్‌బుక్ అడ్డంగా తిప్పి ఐదు నిలువు గడులు గీయండి. నామవాచకం, క్రియ, విశేషణం, క్రియా విశేషణం, వాక్యం. వాక్యం గడి అన్నిటికంటే వెడల్పుగా ఉండాలి. అర్థానికి వేరే గడి వద్దు. మాట కిందే పెన్సిల్‌తో చిన్నగా రాసుకోండి. అర్థం వచ్చేశాక దాన్ని చెరిపేస్తారు, అందుకే పెన్సిల్.

పదాలు ఏరుకోవడం

ఇదేం బ్రహ్మవిద్య కాదు. డోర్, డాగ్, డాటర్ లాంటివి తీసేయండి. జన్మలో వాడబోని మాటలూ తీసేయండి. ఒక అక్షరానికి 60 మాటలు చాలు. ఒక్కోదానికి రూపాలు కలిపితే అవే 200 దాటిపోతాయి.

అక్షర క్రమాన్ని చెడగొట్టండి

ఏరుకున్న మాటల్ని డిక్షనరీ వరసలో రాయకండి. ముందు ఉన్న ఉపసర్గను బట్టి గుంపులు చేయండి. 'డీ'లో ముఖ్యమైనవి నాలుగే. 'డి' అంటే కిందికి లేదా దూరంగా అని. డిసెండ్ దిగడం, డిప్రెస్ కిందికి నొక్కడం. డిపెండ్‌లో ఉన్న 'పెండ్' లాటిన్‌లో వేలాడటం, అంటే ఒకదాన్ని పట్టుకుని కిందికి వేలాడటమే ఆధారపడటం. 'డిస్' అంటే విడిగా, లేదా కాదని. దీని వెనకే ఎఫ్ వస్తే ఈ డిస్ కాస్తా 'డిఫ్'గా మారిపోతుంది. డిఫర్, డిఫ్యూజ్, డిఫికల్ట్‌లలో రెండేసి ఎఫ్‌లు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా, ఇక బట్టీ పట్టక్కర్లేదు.

మూడోది గ్రీకు నుంచి వచ్చిన 'డయా'. ఒకవైపు నుంచి మరోవైపుకి, గుండా అని దాని అర్థం. డయామీటర్, డయాగనల్, డయాగ్నోసిస్, డయలాగ్. డయలాగ్‌లో 'డి' అంటే రెండు, అందుకే అది ఇద్దరి మాటలు అని చాలామంది చెబుతుంటారు. తప్పు. అందులో ఉన్నది డయా, ఎంతమంది మాట్లాడుకున్నా అది డయలాగే. నాలుగోది మళ్లీ డిస్సే, కానీ స్పెల్లింగ్‌లో ఐ బదులు వై ఉంటుంది. చెడిపోవడం, ఇబ్బంది అని భావం. డిసెంట్రీ, డిస్లెక్సియా ఈ గుంపులోవి.

ఒక జాగ్రత్త. డిస్ కనబడినచోటల్లా వ్యతిరేకార్థం వెతక్కండి. డిసిప్లిన్ మాట శిష్యుడు అనే అర్థమున్న లాటిన్ పదం డిసిపులుస్ నుంచి వచ్చింది. దాన్లోంచి డిస్ తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

కవల మాటల్ని ఒకే రోజు ముట్టుకోకండి

అక్షరాల వారీ జాబితాలతో అసలు చిక్కు ఇది. చూడ్డానికో వినడానికో ఒకేలా ఉన్న మాటలు పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి. రెండూ ఒకేసారి చదివితే దేని అర్థం దేనిదో జీవితాంతం సందేహమే. ఇలాంటి జంటల మీద పరిశోధన చేసిన బాటియా లాఫర్ వీటికి సిన్‌ఫామ్స్ అని పేరు పెట్టారు. నా నియమం ఒక్కటే: జంటలో మొదటిది వాక్యంలో తడుముకోకుండా వచ్చాకే రెండోదాని జోలికి వెళ్లాలి.

తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకునే అలవాటుంటే ఈ చిక్కు రెట్టింపు అవుతుంది. అడాప్ట్ అని రాస్తే అది అలవాటు పడటమా, దత్తత తీసుకోవడమా? అలాగే డిసెంట్ అని రాసుకుంటే దిగడమో, అసమ్మతో తెలియదు. దిగడానికి సంబంధించినదానిలో ఎస్ పక్కన సీ ఉంటుంది, అసమ్మతిలో రెండు ఎస్‌లు. డిస్క్రీట్ కూడా ఇంతే. రెండు ఈలు పక్కపక్కనే ఉంటే గుట్టుగా, ఆచితూచి ప్రవర్తించేది. ఆ రెండు ఈల మధ్యకు టీ దూరి వాటిని విడదీస్తే, దాని అర్థమూ విడివిడిగా ఉన్నది అనే. నోట్‌బుక్‌లో మాట ఎప్పుడూ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉండాలి.

రూపాల గడులు నింపడం

అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. ఒక మాట తీసుకుని, తోచిన ప్రత్యయం తగిలించి నాలుగు గడులూ చకచకా నింపేస్తారు. పేజీ నిండుగా కనిపిస్తుంది, అందులో సగం మాటలు ఎక్కడా ఉండవు. మొదటి నియమం: డిక్షనరీలో కళ్లారా చూడని రూపాన్ని గడిలో రాయకండి. ఊహించడం మంచిదే, కానీ ఊహ పెన్సిల్‌తో, నిర్ధారణ పెన్నుతో.

అన్ని గడులూ నిండాలన్న పట్టుదల కూడా వద్దు. డిఫికల్ట్‌కి క్రియా విశేషణం గడిలో గీత పెట్టండి. చివర 'లీ' తగిలించి వాడేవాళ్లు దాదాపు లేరు, 'విత్ డిఫికల్టీ' అనే అంటారు. పైగా చివర లీ ఉన్నదల్లా క్రియా విశేషణం కాదు. డెడ్లీ విశేషణం, ప్రాణాంతకమైన అని. డైలీ విశేషణంగానూ క్రియా విశేషణంగానూ నడుస్తుంది, రెండు గడుల్లోనూ రాయండి.

ఇప్పుడు నామవాచకాలు. ఒక క్రియకి ఒకటే నామవాచకం అనుకుంటే దెబ్బ తింటారు. తెలుగు లిపిలో డిఫర్ అని రాసే మాటలు ఇంగ్లీష్‌లో రెండున్నాయి. ఒక ఎఫ్ ఉన్న డిఫర్ తీసుకోండి. దానికి వాయిదా వేయడం అనే అర్థం ఉంది, ఒకరి మాటకు గౌరవంతో తలొగ్గడం అనే అర్థమూ ఉంది. మొదటిదాని నామవాచకం డిఫర్మెంట్ లేదా డిఫరల్, రెండోదానిది డెఫరెన్స్. వాయిదా అని చెప్పబోయి డెఫరెన్స్ అని రాస్తే వాక్యం అర్థమే మారిపోతుంది. అందుకని ఇలాంటి మాటకు ఒక వరస కాదు, రెండు వరసలు కేటాయించండి.

దీనికి తలకిందులుగా ఉండేది డిడక్షన్. ఆధారాలను బట్టి తేల్చడం డిడ్యూస్. మొత్తంలోంచి కోత వేయడం డిడక్ట్. రెండిటికీ నామవాచకం డిడక్షన్ ఒక్కటే. విశేషణాల దగ్గర మళ్లీ దారులు వేరు. తర్కానికి సంబంధించి డిడక్టివ్, కోత వేయదగినది డిడక్టిబుల్. రెండు వరసలు రాసి, డిడక్షన్ దగ్గర ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం గుర్తు గీయండి.

విశేషణాల జంటలు ఇంకో తలనొప్పి. డిసీవ్ నుంచి డిసెప్టివ్, డిసీట్‌ఫుల్ రెండూ వస్తాయి, కానీ ఒకదాని చోట ఒకటి వాడితే కుదరదు. డిసీట్‌ఫుల్ మనిషి కావాలని మోసం చేస్తాడు. డిసెప్టివ్ అన్నది రూపానికో ప్యాకింగ్‌కో కూడా సరిపోతుంది. చూసినవాళ్లు పొరబడతారు, వెనక దురుద్దేశం ఉండాలనేం లేదు. డెఫినిట్ సమాధానం అంటే అవునో కాదో స్పష్టంగా చెప్పేది. డెఫినిటివ్ సమాధానం అంటే ఇక దాని మీద వాదన అక్కర్లేనిది. డివైడ్ నుంచి వచ్చే డివిజిబుల్ భాగించదగినది, డివైసివ్ మనుషుల మధ్య చిచ్చు పెట్టేది. ఇలాంటి జంట కనిపించినప్పుడల్లా ఒక్కోదానికీ విడిగా వాక్యం రాయాల్సిందే. పక్కన అర్థం రాసి వదిలేస్తే రెండూ కలిసిపోతాయి.

స్పెల్లింగ్ దగ్గర తొందర పడకండి. డివైస్ అంటే పరికరం, సీతో రాస్తారు, నామవాచకం. డివైజ్ అంటే ఉపాయం పన్నడం, ఎస్‌తో రాస్తారు, క్రియ. డిఫెన్స్‌ని బ్రిటిష్ పద్ధతిలో సీతో, అమెరికన్ పద్ధతిలో ఎస్‌తో రాస్తారు, కానీ డిఫెన్సివ్ ఎక్కడైనా ఎస్సే. ఒకరి మీద ఆధారపడ్డ మనిషిని నామవాచకంగా రాసేటప్పుడు బ్రిటిష్ పద్ధతిలో డిపెండెంట్ చివరి ఎన్‌కి ముందు ఏ వస్తుంది, విశేషణానికి ఈ వస్తుంది. అమెరికన్లు రెండిటికీ ఈ రాస్తారు. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి.

భూతకాల రూపాల్లో ఆర్‌లు ఎన్ని రాయాలో చెవి చెబుతుంది. ఒక ఎఫ్ డిఫర్‌ని చివర ఒత్తి పలుకుతారు, కాబట్టి డిఫర్డ్‌లో రెండు ఆర్‌లు. తేడాగా ఉండటం అనే రెండు ఎఫ్‌ల డిఫర్‌ని మొదట్లో ఒత్తుతారు, కాబట్టి ఒక్కటే ఆర్. డిటర్‌ని చివరే ఒత్తుతారు, డిటర్డ్, డిటరెంట్ రెండింట్లోనూ రెండు ఆర్‌లు. మరి డెఫరెన్స్‌లో ఒకటే ఎందుకంటే, ఆ రూపంలో ఒత్తు ముందుకు జరిగింది. ఈ సూత్రం ఒక్కటి పట్టుబడితే డెవలప్డ్‌లో రెండు పీలు రాసే అలవాటు దానంతటదే పోతుంది.

ఒత్తు గురించి పుస్తకాలు చెబుతాయి కానీ, ఎవరూ పట్టించుకోని ఇంకో తేడా ఉంది. డెలిబరేట్ లాంటి మాటలు. విశేషణంగా, అంటే కావాలని చేసిన అనే అర్థంలో, చివర 'రెట్' అని పొట్టిగా పలకాలి. తర్జనభర్జన పడటం అనే క్రియగా అయితే 'రేట్' అని సాగదీయాలి. ప్రతినిధి అయితే డెలిగెట్, పని అప్పగించడమైతే డెలిగేట్. డూప్లికేట్‌ కూడా అంతే. మనవాళ్లు అన్నిటినీ 'ఏట్' అనే లాగించేస్తారు. ఈ మాటల పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, రెండు రకాలుగానూ పైకి చదవండి.

ఇంత జాగ్రత్తగా ముప్పై వరసలు నింపాక నమూనాలు వాటంతటవే కనిపిస్తాయి. డిసైడ్, డెసిషన్, డిసైసివ్. డివైడ్, డివిజన్, డివైసివ్. డిస్క్రైబ్ నుంచి డిస్క్రిప్షన్ వచ్చినట్టే ప్రిస్క్రైబ్ నుంచి ప్రిస్క్రిప్షన్. ప్రత్యయాల పట్టికలు మొదటిరోజే బట్టీ పట్టించే పద్ధతి నాకు అందుకే నచ్చదు. భాషా పరిశోధకులు లారీ బావర్, పాల్ నేషన్ 1993లో ఇంగ్లీష్ ప్రత్యయాలను 7 స్థాయిలుగా వర్గీకరించారు. అలాంటి పట్టిక, మాటలు పరిచయమయ్యాక చూస్తే ఎంతో పనికొస్తుంది. ముందే చూస్తే డినైమెంట్‌లే పుడతాయి.

వాక్యం, మననం

వాక్యం మీ సొంతం కావాలి, పది మాటలు దాటకూడదు. డిక్షనరీ వాక్యం ఎత్తి రాస్తే లెక్కలోకి రాదు.

మననానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసి చూపించాడు. కాబట్టి మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి. మననం అంటే పేజీ చదవడం కాదు. క్రియ గడి ఒక్కటి వదిలి మిగతావి కాగితంతో మూసి, రూపాలన్నీ వేరే కాగితం మీద రాయాలి. తప్పిన వరస పక్కన చుక్క పెట్టండి. మూడు చుక్కలు పడ్డ మాటకి కొత్త వాక్యం రాయండి, పాతది పనిచేయడం లేదని అర్థం.

'డీ' పూర్తయ్యాక వెంటనే ఎస్ ఎత్తుకోకండి. ఇంగ్లీష్ డిక్షనరీలో అన్నిటికంటే ఎక్కువ పేజీలు దానివే, ఓపిక మధ్యలోనే అయిపోతుంది. ఎఫ్ గానీ ఎమ్ గానీ తీసుకోండి, కొత్త పేజీలో మళ్లీ అవే ఐదు గడులు గీయండి.