బానెట్ ఎత్తి చూపించే బండి

నా బండి 1996 మారుతి జెన్. కార్బ్యురేటర్ మోడల్, 993 సీసీ అల్యూమినియం ఇంజన్, ఏపీ 9 నంబర్. మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటుంది. పాత బండ్ల షోలకు దాన్ని తీసుకెళ్తుంటాను, తెలిసినవాళ్ల బండ్లకు బానెట్ లోపలి పని కూడా చేసిపెడుతుంటాను. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, లోపల మెరవాలంటే ఏం కొట్టాలి?" కొట్టే సంగతి చివర్లో చూద్దాం. ముందు తీసేయాల్సినవే బోలెడు ఉంటాయి. ఒరిజినల్ విభాగంలో జడ్జి బానెట్ ఎత్తమనేది ఇది కంపెనీ గేటు దాటినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉందా అని చూడటానికి. మాడిఫైడ్ బండ్ల విభాగం వేరు, అక్కడ క్రోమ్ మూతలు, రంగు పైపులు నడుస్తాయి. వాటి జోలికి నేను పోను.

మొదట ఫోన్ తీసి ఫొటోలు కొట్టండి. పైనుంచి ఒకటి కొట్టి వదిలేస్తే లాభం లేదు. ఏ వాక్యూమ్ పైపు దేని కిందనుంచి పోతోంది, ఏ వైరు ఏ క్లిప్పులో ఉంది, హోస్ క్లిప్పు స్క్రూ ఎటు తిరిగి ఉంది, అన్నీ దగ్గరగా తీయాలి. విప్పిన నట్లకు నేను పాత పోపుల పెట్టె వాడతాను. ఎయిర్ క్లీనర్‌వి ఒక గిన్నెలో, బ్యాటరీ క్లాంపువి ఇంకో గిన్నెలో. మూత పెట్టేస్తే ఎక్కడికీ పోవు.

తర్వాత పూజ గుర్తులు. మన దగ్గర ఏ పాత బండి చూసినా దసరాకి పెట్టిన పసుపు, గంధం, కుంకుమ బ్యాటరీ మీద, ఫెండర్ లోపలి అంచు మీద పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మీద నేరుగా డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే ద్రవం, కొట్టకండి. చాలా డీగ్రీజర్లు క్షార గుణం ఉన్నవి, పసుపు మీద పడగానే ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయ్యేది కూడా అందుకే. పొడి బ్రష్‌తో దులిపి, మామూలు కార్ షాంపూతో మెల్లగా తుడవండి. ఇంకా పచ్చదనం మిగిలితే బానెట్ తెరిచి ఎండలో నిలబెట్టండి, ఎండకు పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది. ఎలుకల కోసం పెట్టిన పొగాకు కాడలు, కలరా ఉండలు కూడా ఇప్పుడే తీసేయండి. వైపర్ల కింద గాడిలో ఎండాకులు పేరుకుని ఉంటాయి, వాటిని చేత్తో ఏరాల్సిందే.

కడగడానికి ఇంజన్ గోరువెచ్చగా ఉంటే చాలు. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు పోస్తే లోహానికి మంచిది కాదు, పైగా డీగ్రీజర్ ఆరిపోయి మరకలు కడుతుంది. పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూజ్ బాక్స్, ఎయిర్ క్లీనర్ మూతికి పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బర్ బ్యాండ్లు వేయండి. తడికి ముందు పొడి పని పూర్తి కావాలి. పెయింట్ బ్రష్‌తో దులుపుతూ బ్లోయర్ పడితే సగం మట్టి అప్పుడే పోతుంది.

సర్వీసింగ్ షెడ్లలో "డీజిల్ వాష్ చేసేస్తా సార్" అంటారు. వద్దనండి. కొట్టిన రోజు నల్లగా నిగనిగలాడుతుంది, వారం తిరిగేసరికి ఆ జిడ్డుకు రోడ్డు మీద దుమ్మంతా అంటుకుంటుంది. రబ్బరు పైపులు, బుష్‌లు డీజిల్‌కి ఉబ్బుతాయి. నిప్పు భయం సరేసరి. ఆల్ పర్పస్ క్లీనర్‌ని మామూలు మురికికి ఒకటికి పది పాళ్ల నీళ్లు, గడ్డకట్టిన గ్రీజుకి ఒకటికి నాలుగు పాళ్లు కలపండి. కింద నుంచి పైకి కొట్టి, కాసేపు నాననిచ్చి, బ్రష్‌తో రుద్దండి. ఆరేలోపే కడిగేయాలి. కాస్టిక్ ఉన్నవి, చక్రాలకు వాడే యాసిడ్ క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, వాటిని లోపలికే రానివ్వకండి. ప్రెషర్ గన్ అసలు వద్దు. మొక్కలకు కొట్టే చేతి పంపు స్ప్రేయర్ చాలు.

నీళ్ల దగ్గరే హైదరాబాద్‌లో అసలు చిక్కు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నల్ల ప్లాస్టిక్ మీద ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి, అవి షో లైట్లలో మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. కొందరు ఆర్వో యంత్రం నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు బకెట్లో పట్టి బండి కడుగుతారు. నేల తుడవడానికి బాగానే ఉంటుంది గానీ, వడపోతలో మిగిలిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది, బోరు నీళ్లకన్నా అదే అధ్వాన్నం. మొదటి కడుగుడు ఏ నీళ్లతోనైనా కానివ్వండి, చివరి కడుగుడు మాత్రం బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టండి. ప్లగ్గుల గుంటల్లో నీళ్లు నిలవకుండా చూసుకుని, కవర్లు తీసి, టెర్మినల్స్ బిగించి, ఇంజన్‌ని ఓ పది నిమిషాలు నడపండి.

ఇక బ్యాటరీ. టెర్మినల్స్ మీద పూసిన తెల్లటి పొడికి వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే బుసబుసమని పొంగి వదిలిపోతుంది. ఆ నీళ్లు సెల్స్ మూతల్లోంచి లోపలికి దిగకూడదు. ఆరాక వ్యాజలిన్ సన్నగా రాయండి. బ్యాటరీ ఎత్తినప్పుడే దాని కింది ట్రే కూడా చూడండి, తుప్పు ఉండేది అక్కడే. రెండో గుట్టు బ్రేక్ మాస్టర్ సిలిండర్ కింద ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ బొట్టు పడినచోట పెయింట్ మెత్తబడి పొలుసులుగా లేస్తుంది. నేనే జడ్జినైతే ముందు టార్చ్ కొట్టేది అక్కడే. ముందు లీకు ఆపించి, ఆ చోటును నీళ్లతో బాగా కడిగాకే పెయింట్ వేయండి. తడి గాలిలో స్ప్రే చేస్తే పెయింట్ పాలిపోయినట్టు తెల్లబడుతుంది, కాబట్టి శ్రావణం ముసురులో డబ్బా పట్టుకోకండి. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి 600 డిగ్రీలు తట్టుకునే హీట్ పెయింటే వాడాలి, మామూలుది మొదటి రౌండుకే పొగ అయిపోతుంది. ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్ ఉన్నచోట మాత్రం టేపు వేసి వదిలేయండి. పదిహేనేళ్లు దాటిన బండిని ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ చూసేవి ఆ అంకెలే.

నట్లు బోల్టుల మీద నాకు కాస్త పిచ్చి ఉంది, ఓపిక పట్టండి. మొత్తం శుభ్రంగా ఉన్న బానెట్ లోపల నాలుగు తుప్పుపట్టిన బోల్టు తలలు చాలు, పని అంతా పాడవుతుంది. కొత్తవి రాణిగంజ్‌లో ఏ సైజువైనా దొరుకుతాయి. కానీ తల మీద గుర్తు, వాషర్ ఆకారం వేరైతే తెలిసినవాడి కంటికి ఇట్టే దొరికిపోతారు. పాతవాటినే తీసి, గ్రీజు పూర్తిగా పోగొట్టి, బాలానగర్ వైపు ప్లేటింగ్, అంటే లోహపు పూత, చేసేవాళ్లకు ఇవ్వండి. "జింక్, ఎల్లో" అంటే చాలు, బంగారు ఛాయ వస్తుంది. మీ బండిలో మొదట తెల్ల జింక్ ఉంటే తెల్లదే చేయించండి. ఏ నట్టు మీదైనా వాషర్ కింద దాగిన చోట అసలు రంగు మిగిలే ఉంటుంది, దాన్ని చూసి చెప్పండి. ఇచ్చే ముందు లెక్కపెట్టి ఫొటో తీసుకోండి, అందరి సరుకూ ఒకే తొట్టిలో మునుగుతుంది. "క్రోమే చేయించు భాయ్, ఇంకా మస్తుగుంటది" అని ఊరిస్తారు, లొంగకండి. ఒక్క జాగ్రత్త: తల మీద 10.9, 12.9 అని ఉన్న గట్టి బోల్టులను, స్టీరింగ్, సస్పెన్షన్ బోల్టులను ప్లేటింగ్‌కి ఇవ్వొద్దు. ఆ పనిలో ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతుంది, తర్వాత ఏదో ఒకరోజు టప్పున విరుగుతుంది.

అల్యూమినియం భాగాలను స్టీల్ పీచుతో తోమకండి. ఇనుప రేణువులు అందులో దిగబడి తర్వాత తుప్పు చుక్కలవుతాయి. మెత్తటి స్కాచ్‌బ్రైట్, సబ్బునీళ్లు చాలు. పోతపోసిన అల్యూమినియం మాసిన వెండిలా ఉండటమే ఒరిజినల్, అద్దంలా మెరవక్కర్లేదు.

వైర్లకు కరెంటోళ్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే విప్పేయండి. మే నెల ఎండకు దాని జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటుంది. జిగురు లేని హార్నెస్ టేపు చుట్టండి. పైపులను వేళ్లతో నొక్కి చూడండి. రాయిలా గట్టిపడినా, మరీ మెత్తబడినా కొత్తవి వేయాల్సిందే, వాటికి డ్రెస్సింగ్ (రబ్బరుకి మెరుపునిచ్చే ద్రవం) రాసి దాచలేరు. మిగతా రబ్బరుకి, ప్లాస్టిక్‌కి నీళ్ల ఆధారంగా చేసిన డ్రెస్సింగ్‌ని గుడ్డ మీద వేసుకుని రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. చివర్లో చూద్దామన్న "కొట్టే సంగతి" ఇంతే. ఫ్యాన్ బెల్టు మీద చుక్క కూడా పడకూడదు, జారుతుంది. బానెట్ కింది స్టిక్కర్లను తడిగుడ్డతో అద్దండి, రుద్దితే అక్షరాలు పోతాయి.

షో రోజు తెల్లవారుజామునే బయలుదేరండి, ట్రాఫిక్‌లో లారీ వెనక నిలబడితే చేసిందంతా బూడిదే. డిక్కీలో రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, మెత్తటి బ్రష్, చెవి పుల్లలు పెట్టుకోండి. చేరగానే బానెట్ ఎత్తి ఇంజన్ చల్లారనిచ్చి, అప్పుడు దుమ్ము తుడవండి. స్టార్ట్ చేసి చూపించమని అడుగుతారు, కాబట్టి ఆయిల్, కూలెంట్ మట్టం సరిగా ఉండాలి. తర్వాత తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడైనా గిర్రున తిరగొచ్చు, ఫొటోల కోసం పిల్లలు చేతులు పెట్టేది సరిగ్గా అక్కడే.