ఆఫీసు ఇంగ్లిష్ – 4వ పాఠం: నామవాచకంలో ఇరుక్కున్న క్రియ

పోయిన పాఠంలో పొడవాటి వాక్యాలను విడగొట్టాం. సగటున 15 నుంచి 20 పదాలు దాటకూడదనుకున్నాం. ఆ లెక్కకు లోబడినా కొన్ని వాక్యాలు బరువుగానే ఉంటాయి. ఇది చూడండి:

"వి కండక్టెడ్ ఎ రివ్యూ ఆఫ్ ది వెండర్ బిల్స్."

ఇందులో 8 పదాలున్నాయి. జరిగిన పని రివ్యూ చేయడం. ఆ పని నామవాచకంగా మారి పక్కకు జరిగింది, దాని చోట్లో 'కండక్టెడ్' వచ్చి కూర్చుంది. దీనికి సొంతంగా చెప్పేదేమీ లేదు. పైగా నామవాచకం వచ్చాక ముందు 'ఎ', వెనక 'ఆఫ్' తప్పవు. క్రియను దాని చోటుకు తెస్తే "వి రివ్యూడ్ ది వెండర్ బిల్స్", 5 పదాలు.

మనకు ఈ అలవాటు ఎక్కువగా ఉండటానికి కారణముంది. 'పరిశీలన చేశాం', 'ఆమోదం తెలిపారు', 'నిర్ణయం తీసుకున్నాం' తెలుగులో సహజమైన మాటలే. వాటిని ఉన్నవున్నట్టు దించితే 'మేడ్ ఎ రివ్యూ', 'గేవ్ అప్రూవల్' వస్తాయి. స్పెల్లింగ్‌లోనూ వ్యాకరణంలోనూ తప్పు లేదు కాబట్టి స్పెల్ చెకర్ వీటి కింద ఎర్ర గీత గీయదు.

పట్టుకునే పద్ధతి ఇది. డ్రాఫ్ట్ పూర్తయ్యాకే మొదలుపెట్టండి, రాస్తూ రాస్తూ దిద్దితే ఆలోచన తెగుతుంది. ముందు 'షన్', 'మెంట్', 'అన్స్' శబ్దాలతో ముగిసే పదాల కింద గీత గీయండి. 'రివ్యూ', 'రిక్వెస్ట్', 'చేంజ్' లాంటివి ఇలా దొరకవు, ఎందుకంటే నామవాచకంగానూ క్రియగానూ వాటి రూపం ఒకటే. వాటికోసం 'కండక్టెడ్'లా సొంతంగా ఏమీ చెప్పని డొల్ల క్రియలను వెతకాలి: మేక్, గివ్, టేక్, కండక్ట్, పెర్ఫామ్, ప్రొవైడ్, క్యారీ అవుట్. దొరికిన ప్రతిచోటా "ఈ పని ఎవరు చేశారు?" అని అడగండి. కర్తను ముందు పెట్టి, వెంటనే అసలు క్రియ రాయండి. అక్కర్లేని 'ఆఫ్' దానంతటదే రాలిపోతుంది.

ఇప్పుడు కాస్త గట్టిది:

"ఫెయిల్యూర్ ఇన్ ది సబ్మిషన్ ఆఫ్ ది ఫామ్ బై ఫ్రైడే విల్ రిజల్ట్ ఇన్ ది క్యాన్సిలేషన్ ఆఫ్ యువర్ బుకింగ్."

ఫామ్ ఇవ్వాల్సింది ఎవరు, బుకింగ్ రద్దు చేసేది ఎవరు? వాక్యంలో పని చేసే మనిషి జాడ లేదు. దిద్దితే:

"ఇఫ్ యు డు నాట్ సబ్మిట్ ది ఫామ్ బై ఫ్రైడే, వి విల్ క్యాన్సిల్ యువర్ బుకింగ్."

తగ్గినవి మూడు పదాలే. కానీ గడువు ఎవరిదో, చర్య ఎవరిదో తేలిపోయింది. ఇక్కడే ఒక జాగ్రత్త: 'వి' అని ఊహించి పెట్టేయకండి. రద్దు చేసేది సాఫ్ట్‌వేర్ అయితే 'ది సిస్టమ్' అని రాయాలి. చాలాసార్లు రాసేవారికే కర్త ఎవరో తెలియక నామవాచకం చాటున దాక్కుంటారు. మన అధికారిక ఉత్తరాల్లోని 'పరిశీలించడం జరిగింది' కూడా ఈ కోవదే.

అలాగని కనబడ్డ ప్రతి 'షన్'నూ తీసేయక్కర్లేదు. "ది ఇన్‌స్పెక్షన్ ఈజ్ ఆన్ మండే" అన్నప్పుడు అది ఒక కార్యక్రమం పేరు, అలాగే ఉండాలి. ముందు వాక్యంలోని విషయాన్ని అందుకోవడానికి రాసే 'దిస్ డెసిషన్' కూడా మంచిదే. ఒప్పందాల్లో నిర్వచనం ఇచ్చి వాడిన పదాలను అసలు ముట్టుకోకండి, అర్థం మారితే చిక్కు.

అభ్యాసం. ఈ మూడింటినీ దిద్దండి, జవాబులు 5వ పాఠంలో:

"ప్లీజ్ మేక్ పేమెంట్ ఆఫ్ ది ఇన్వాయిస్."

"ది టీమ్ టుక్ ఎ డెసిషన్ టు గివ్ ఏన్ ఎక్స్‌టెన్షన్ టు ది డెడ్‌లైన్." ఇందులో రెండు క్రియలు ఇరుక్కున్నాయి.

"ఇంప్లిమెంటేషన్ ఆఫ్ ది న్యూ పాలసీ విల్ బి డన్ ఫ్రమ్ మండే." దీన్ని ఉన్న సమాచారంతో దిద్దలేరు. దిద్దే ముందు రాసినవారిని ఏం అడగాలో ఆ ప్రశ్న కూడా రాయండి.